మట్టిలో నిద్రించే పువ్వు



నవంబరు మాసాన్ని తల్లి శ్రీసభ మృత విశ్వాసుల స్మరణకు కేటాయించింది. రెండవ తేదీకి వారం ముందు నుండే మన విచారణలలోని సమాధుల తోటలకు కళ వస్తుంది. పిచ్చిమొక్కలు చెక్కించి, సమాధులకు సున్నం వేయించి, చెరిగిపోయిన పేర్లకు మళ్ళీ రంగు దిద్దుతాము. ఆ సాయంకాలం చామంతి దండలు, కొవ్వొత్తులు, సాంబ్రాణి పొగ, గురువు చల్లే తీర్థజలం. పిల్లలు కరిగిన మైనాన్ని ఉండలు చేసి ఆడుకుంటారు. పెద్దలు ఎవరి సమాధి దగ్గర వారు నిలబడి, పైకి వినబడని మాటలేవో చెప్పుకుంటారు. మరునాటికి దండలు వాడిపోతాయి. మనం ఇళ్ళకు వచ్చేస్తాము.

సరిగ్గా ఈ వారాలలోనే చలిదేశాలలోని కుటుంబాలు ఒక పని చేస్తుంటాయి. దానిని గూర్చే ఈ వారం మీతో మాట్లాడదలిచాను. వారు తమ తోటలలో గుంటలు తవ్వి పూల గడ్డలను పాతిపెడుతుంటారు. తులిప్, డాఫొడిల్, హయసింత్, క్రోకస్ అనే పూల గడ్డలు. తులిప్ పువ్వును మనం క్యాలెండర్ల మీద చూశాము గాని దాని గడ్డను చూసినవారు మనలో తక్కువ. అది మన ఉల్లిపాయకు తమ్ముడిలా ఉంటుంది. పైన గోధుమరంగు పొర, ఒక వైపు మొన, మరొక వైపు వేళ్ళు రావలసిన చోట చిన్న చక్రం. అంగడిలో గంపలో పోసి ఉంచితే కూరకు కొనుక్కుందామనిపించేంత సామాన్యంగా ఉంటుంది.

మన రైతు తొలకరి చూసుకొని విత్తుతాడు. విత్తిన వారం రోజులలోనే మొలక కనబడుతుంది, మనసు నెమ్మదిస్తుంది. ఆ దేశాలలో ఈ గడ్డలు నాటేవాడు ఆకులు రాలే కాలంలో, పగలు కుంచించుకుపోయే కాలంలో, ముందున్నది మంచు తప్ప మరేమీ కాదని తెలిసీ నాటుతాడు. అక్టోబరు, నవంబరు నెలలలో పాతిన గడ్డ మార్చి, ఏప్రిల్ నెలలలో గాని పూయదు. నాలుగైదు నెలలు అతడు ఒట్టి మట్టినే చూడాలి. ఎక్కడ పాతాడో గుర్తుంచుకోకపోతే తానే మరచిపోతాడు.

ఈ పనికి పేరుపడ్డది హాలండు దేశం. నెల్లూరు మేత్రాసనంలోని పెద్దవారికి ఈ దేశం పేరు కొత్త కాదు. 1928లో ఏర్పడిన ఆ మేత్రాసనంలో తొలినాళ్ళలో సేవచేసిన మిల్‌హిల్ సభ గురువులలో ఆ దేశంవారు పలువురు. తులిప్ అక్కడ పుట్టిన పువ్వు కాదు, తురుష్కుల దేశం నుండి వచ్చింది. క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1593లో లైడెన్ విశ్వవిద్యాలయపు తోటలో నాటిన గడ్డలు 1594 వసంతంలో పూశాయి. నేడు లైడెన్, హార్లెమ్ పట్టణాల మధ్య సముద్రపు ఇసుక దిబ్బల వెనుక మైళ్ళ తరబడి ఈ పూల పొలాలే. అక్కడి లిస్సె ఊరిలో క్యోకెన్‌హోఫ్ అనే పెద్ద పూలతోట ఉంది. ఏటా శరత్కాలంలో అక్కడి తోటమాలులు సుమారు 70 లక్షల గడ్డలను చేతితోనే నాటుతారు. తోట జనానికి తెరిచి ఉండేది మాత్రం ఎనిమిది వారాలే.

నాటే పద్ధతి సులువే. గడ్డ ఎత్తుకు మూడింతల లోతు గుంట తవ్వాలి. అంటే పెద్ద గడ్డకు జానెడు లోతు. మొన పైకి ఉండాలి. నీరు నిలిచే చోట పెట్టకూడదు. చలి చంపని గడ్డను మురుగునీరు చంపుతుంది, కుళ్ళబెడుతుంది. మట్టి కప్పి, పాదంతో మెల్లగా అదిమి, ఇంటిలోకి వెళ్ళిపోవాలి. గడ్డకట్టే చలి మరీ ఎక్కువైతే పొలాలలో వరుసల మీద గడ్డి పరుస్తారు. అంతకు మించి చేయగలిగింది లేదు.

ఇప్పుడు ఆ గడ్డ లోపలికి చూద్దాం. నాటడానికి సిద్ధంగా ఉన్న తులిప్ గడ్డను నిలువుగా రెండుగా కోస్తే, దళసరి తెల్లని పొరల నడుమ చిన్న మొలక ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ మొలకలో లేత ఆకులు, వాటి మధ్య బియ్యపుగింజ పాటి మొగ్గ, ఆ మొగ్గలో ఆరు రేకులు, ఆరు కేసరాలు. అన్నీ ఉంటాయి. వసంతంలో పూయబోయే పువ్వు వసంతంలో తయారయ్యేది కాదు. గడ్డ ఇంకా గంపలో పడి ఉన్న వేసవి చివరిలోనే అది రూపు కట్టుకుంటుంది. మట్టిలోకి దిగేటప్పుడు ఆ గడ్డ తన పువ్వును లోపల పెట్టుకొనే దిగుతుంది.

సహోదరులారా, ఈ మాట చదివినప్పుడు నాకు మన జ్ఞానస్నాన తొట్టి గుర్తుకు వచ్చింది. నెలల పసికందు నుదుటి మీద నీళ్ళు పోసినప్పుడు కనబడేది ఏముంది? బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది, అమ్మమ్మ తువాలుతో తుడుస్తుంది, ఫోటో తీస్తారు. కాని ఆ రోజున క్రీస్తు జీవం ఆ బిడ్డలో నాటుకుంది. తన శరీరాన్ని భుజించి తన రక్తాన్ని పానము చేసేవానిని అంతిమ దినమున తానే లేపుతానని ప్రభువు యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో మాట ఇచ్చాడు. అరవై, డెబ్బది యేండ్లు దివ్యసత్ప్రసాదం స్వీకరించిన ఒక తాతను మనం సమాధిలో దించినప్పుడు దించుతున్నది ఒట్టి దేహాన్ని కాదు. శ్రీసభ మరణించినవారి దేహానికి ధూపం వేయడం, తీర్థజలం చల్లడం మర్యాద కోసం చేసే పని అనుకోకండి. లోపల ఏమున్నదో ఎరిగి చేసే పని అది.

అయితే పువ్వు లోపలే ఉన్నప్పుడు మరి చలి ఎందుకు? తోటలో పని చేసినవారికి ఇది అసలు ప్రశ్న. తులిప్ గడ్డను ఎన్నడూ చలి సోకని మన నెల్లూరులోనో గుంటూరులోనో కుండీలో పెట్టి చూడండి. ఆకులు వస్తాయి. పువ్వు మాత్రం లోపలే ఎండిపోతుంది, లేదా కాడ ఎదగక ఆకుల మొదట్లోనే కుదేలుమని విచ్చుకుంటుంది. పన్నెండు నుండి పదహారు వారాల చలి తగిలితేనే గడ్డలో దాచుకున్న పిండి చక్కెరగా మారుతుంది, కాడకు సాగే శక్తి వస్తుంది. అందుకే వేడి ప్రాంతాలలో పెంచేవారు గడ్డలను ముందు వారాల తరబడి ఫ్రిజ్‌లో ఉంచుతారు. మన దేశంలో శ్రీనగర్‌లోని దాల్ సరస్సు ఒడ్డున, జబర్వాన్ కొండల పాదంలో, 30 హెక్టార్ల తులిప్ తోట ఉన్నదంటే కాశ్మీరు మంచే కారణం. అక్కడా శరత్కాలంలో నాటితే మార్చి చివరిలో పూస్తాయి.

ఇక్కడ నేను ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రసంగాలలో ఈ పోలికను సులువుగా వాడేస్తాము. కష్టాలు మంచివే, దేవుడు నిన్ను మెరుగు పెట్టడానికే ఇదంతా పంపాడు అని చెప్పేస్తాము. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట కూర్చొని ఆ మాట అనడానికి నాకు నోరు రాదు, మీరూ అనవద్దు. లాజరు సమాధి దగ్గర ప్రభువు మార్తమ్మకు, మరియమ్మకు అటువంటి మాట చెప్పలేదు. ఆయన కన్నీరు కార్చాడు. చలి మంచిదని గడ్డకు బోధించడం తోటమాలి పని కాదు. అతని పని లోతు చూసుకోవడం. మరీ పైపైన పెడితే మంచు కొరికేస్తుంది. మరీ లోతున పెడితే మొలక వెలుగు అందుకోలేదు. చలి తగలాలి, చావు తగలకూడదు. ఆ కొలత తోటమాలికి తెలుసు, గడ్డకు తెలియదు.

మన విచారణలలో అటువంటి తల్లులు ఉన్నారు. మోటారుసైకిలు ప్రమాదంలో కుమారుడు పోయిన ఒక అమ్మ సంవత్సరీకపు పూజ అయ్యాక గురువు దగ్గర నిలబడి, “ఫాదర్‌గారూ, ఏడాది అయింది. అందరూ కాలం గడిస్తే తగ్గుతుందన్నారు. నాలో ఏమీ మారలేదండీ. ప్రార్థన చేస్తే మట్టితో మాట్లాడినట్టుంది” అంటే ఆ గురువు ఏమి చెప్పాలి? పాతిన గడ్డ మొదటి వారాలలో ఏమి చేస్తుందో చెప్పవచ్చు. పైకి ఏమీ పంపదు. కిందికి పంపుతుంది. నేల బిగుసుకుపోయే లోపల వేళ్ళు దిగాలి, మొదట జరిగేది అదే, అది ఎవరికీ కనబడదు. తవ్వి చూస్తే తెగిపోతుంది. ఈ ఏడాదిలో ఆ అమ్మ ఒక్క ఆదివారం కూడా దివ్యపూజ మానలేదు. పక్క వీధిలో మరొకరి ఇంట బిడ్డ పోతే, ఎవరూ పిలవకుండానే వెళ్ళి, రాత్రంతా ఆ తల్లి పక్కన చాప మీద కూర్చున్నది. తనలో ఏమీ మారలేదని ఆమె అంటుంది. నేను ఆమెతో వాదించను.

వేళ్ళ మాట వచ్చింది గనుక వేళ్ళు లేని ఆశ మాట కూడా చెప్పి ముందుకు పోదాం. 1636, 1637 సంవత్సరాల నడిమి చలికాలంలో హాలండులో తులిప్ గడ్డల వ్యాపారం వెర్రితలలు వేసింది. గడ్డలు మట్టిలో ఉండగానే, కొన్నవాడు గాని అమ్మినవాడు గాని వాటిని కంటితో చూడకుండానే, సారాయి అంగళ్ళలో కాగితాల మీద చేతులు మారాయి. ఆ దేశంవారే దానికి గాలి బేరం అని పేరు పెట్టారు. 1637 ఫిబ్రవరిలో ధరలు కూలిపోయాయి. మట్టిలోని గడ్డలకు ఈ సంగతి తెలియదు, అవి ఆ వసంతంలో ఎప్పటిలాగే పూశాయి. ఇంత కానుక వేస్తే ఇంత దీవెన అని బేరం పెట్టే బోధలు మన ఊళ్ళలో వినబడినప్పుడు ఈ గాలి బేరం గుర్తు తెచ్చుకోండి.

ఆ దేశమే మరొక చలికాలం చూసింది. 1944–45. జర్మను సేనల ఆక్రమణలో పశ్చిమ హాలండు పట్టణాలకు తిండి అందలేదు. సుమారు 20,000 మంది చనిపోయారు. యుద్ధం వల్ల నాటకుండా ఉండిపోయిన తులిప్ గడ్డలను జనం వండుకు తిన్నారు. మధ్యనున్న పసుపుపచ్చ మొలక హాని చేస్తుందని దానిని తీసివేసి, మిగిలిన పొరలు ఉడికించుకున్నారు. అంటే రాబోయే పువ్వును తీసి పారవేసి గడ్డను తిన్నారు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మన పల్లెలలోనూ కరవు కాలంలో విత్తనపు గింజలు వండుకు తిన్న కుటుంబాలు ఉన్నాయి. బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే విత్తనం దాచుకొమ్మని చెప్పడం విశ్వాసం కాదు. కన్నీళ్ళతో విత్తేవారిని గూర్చి 126వ కీర్తన పాడుతుంది గదా, ఆ కన్నీళ్ళు ఎందుకో ఇప్పుడు నాకు కొంత అర్థమవుతున్నది. విత్తేవాడు నేలలో వేసే పిడికెడు గింజలు ఇంట్లో ఒక పూట అన్నం. అది తెలిసే వేస్తాడు, అందుకే ఏడుస్తాడు.

ఆ యుద్ధకాలంలోనే ఆ దేశపు కర్మెలు సభ గురువు టైటస్ బ్రాండ్స్‌మా కతోలిక పత్రికల సంపాదకులను స్వయంగా కలిసి, నాజీల ప్రచారాన్ని అచ్చువేయవద్దని కోరారు. 1942 జనవరిలో ఆయనను బంధించారు. అదే ఏడు జూలై 26న డాకౌ శిబిరంలో విషపు సూదితో చంపి, దేహాన్ని కాల్చివేశారు. సూది వేసిన నర్సుకు ఆయన తన జపమాల ఇచ్చారు. ఆయనకు సమాధి లేదు, నవంబరులో దండ వేయడానికి చోటు లేదు. 43 యేండ్ల తర్వాత, 1985 నవంబరు 3న, జగద్గురువులు రెండవ జాన్‌పాల్ పోపుగారు ఆయనకు ధన్యత ప్రకటించినప్పుడు హాలండువారు రోములో పూలు అలంకరించారు. పునీత పేతురు దేవాలయపు ఆవరణను ఈస్టరు పండుగకు ఆ దేశపు పూలతో అలంకరించే ఆచారం అక్కడి నుండి మొదలయింది. 2022 మే 15న ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

2020 ఈస్టరుకు ఆ పూలు రాలేదు. వ్యాధి భయంతో ఆవరణ ఖాళీగా ఉంది. ఆ వసంతమంతా క్యోకెన్‌హోఫ్ తోట ద్వారాలు మూసే ఉన్నాయి. అంతకుముందు శరత్కాలంలో, రాబోయేది ఎరుగని చేతులు నాటిన లక్షలాది గడ్డలు చూసేవారు లేకుండానే పూసి రాలిపోయాయి. 2025 ఏప్రిల్ 20 ఈస్టరు నాడు ఆవరణ మళ్ళీ పూలతో నిండి ఉంది. ఫ్రాన్సిస్ పోపుగారు జబ్బుతోనే బయటకు వచ్చి దీవించి, బండి ఎక్కి జనం మధ్యకు వెళ్ళారు. మరునాటి ఉదయం ప్రభువు సన్నిధికి చేరారు.

ఇంకొక సంగతి చెప్పాలి. డాఫొడిల్ గడ్డ ఏటేటా అదే గడ్డ. తులిప్ అలా కాదు. కాడకు, ఆకులకు, పువ్వుకు తల్లిగడ్డ తన పొరలన్నీ ఖర్చుపెట్టేస్తుంది. వేసవిలో తవ్వితే దొరికేది తల్లిగడ్డ ఎండుపొర, దాని ఒడిలో పెరిగిన కొత్త పిల్లగడ్డలు. నాటిన గడ్డ తిరిగి దొరకదు. అయినా వచ్చిన పువ్వు మరెవరిదో కాదు, నాటిన దానిదే, అదే రంగు, అదే రూపు. మృతులు ఏ దేహంతో లేస్తారని కొరింతు సంఘంవారు అడిగిన ప్రశ్నకు పునీత పౌలుగారు మొదటి లేఖ 15వ అధ్యాయంలో ఇచ్చిన జవాబు ఇంచుమించు ఈ తోటపనే. విత్తేది ఒట్టి గింజను, లేచేది దేవుడు దానికిచ్చే దేహంతో. నేలలో పడి చనిపోయే గోధుమగింజను గూర్చి ప్రభువు తన పాటులకు ముందు శిష్యులకు చెప్పినదీ ఇదే. పోయినవారు మునుపటిలాగే మన వాకిట్లోకి వస్తారని విశ్వాసం చెప్పదు. వేరొకరు వస్తారనీ చెప్పదు. మన తండ్రి మన తండ్రిగానే, మనం ఇంకా చూడని రూపంలో లేస్తాడని చెబుతుంది. ఆ ఇద్దరి మధ్య పోలిక ఎలా కుదురుతుందని అడిగితే, ఉల్లిపాయ లాంటి గడ్డను, ఎర్రని తులిప్ పువ్వును పక్కపక్కన పెట్టి చూడమంటాను.

ప్రభువు దేహాన్ని పాతిపెట్టినది కూడా ఒక తోటలోనే అని యోహానుగారు ప్రత్యేకంగా వ్రాశారు. ఆదివారం తెల్లవారుజామున మగ్దలా మరియమ్మ ఏడుస్తూ వచ్చి, ఎదుట నిలబడినవానిని తోటమాలి అనుకున్నది. ఆమె పొరబడిందని మనం చదువుకుంటూ వచ్చాము. నాకు మాత్రం అది పూర్తిగా పొరబాటు అనిపించదు. మొదటి మానవుణ్ణి తోటలో ఉంచినవాడు, మన మృతులందరినీ ఏ లోతున ఉంచాలో ఎరిగినవాడు ఆయనే గదా. ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచాకనే ఆమె గుర్తించింది. సమాధుల మీద పేర్లకు మనం రంగు దిద్దేటప్పుడు ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొందాం. మనం వారి కోసం చేయించే దివ్యపూజలు, చెప్పే జపమాలలు చలి రాత్రులలో వరుసల మీద పరిచే గడ్డి వంటివి. గడ్డి పువ్వును పూయించదు గాని, పరచకుండా ఉండటానికి తోటవారికి మనసొప్పదు.

తులిప్ మన సమాధుల తోటలో పూయదని చెప్పాను. మన నేలకు తగిన గడ్డ ఒకటి ఉంది. మే నెలలో ఎర్రని గుండ్రని బంతిలా పూసే లిల్లీ, దానిని చాలామంది ఫుట్‌బాల్ లిల్లీ అంటారు. మరియమాత మాసంలో పూస్తుంది గనుక మన మఠాల తోటలలోనూ కనబడుతుంది. చలికాలం వచ్చేసరికి దాని ఆకులు పండి రాలిపోతాయి. నేల మీద ఏమీ మిగలదు. చచ్చిందనుకొని ఆ చోట మిరపనారు పెట్టేసినవారు ఉన్నారు. ఏప్రిల్, మే ఎండలలో, ఒక వాన పడిందో లేదో, వట్టి మట్టిలో నుండి కాడ లేచి వంద చిన్న పూల గుత్తి ఒక్కటిగా విచ్చుకుంటుంది.

ఈ నవంబరులో ఆకు పండిన తరువాత పొరుగువారి దగ్గర నుండి ఒక గడ్డ అడిగి తెచ్చుకోండి. మీవారి సమాధి తలవైపు, కొంచెం నీడ పడే చోట, గడ్డ మెడ నేలకు సమంగా ఉండేటట్టు పెట్టండి. కొద్దిగా ఇసుక కలపండి. ఇప్పుడు నీళ్ళు ఎక్కువ పోయవద్దు, ఏప్రిల్‌లో పోయండి. కదిలించినందుకు అలిగి మొదటి ఏడు పూయకపోయినా పూయకపోవచ్చు, తవ్వి చూడకండి. ఒక చిన్న పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. సమాధుల తోట కాపరికి మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే కలుపుతోపాటు చెక్కివేస్తాడు.